నైలునది ఒడ్డున ఒక మస్టరు పట్టీ: ప్రాచీన ఈజిప్టు పనివారి జీవితం, ఆరోగ్యం



హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాలకు వెళ్ళినవారు అక్కడ గాజుపెట్టెలో ఉన్న ఈజిప్టు మమ్మీని చూచే ఉంటారు. నిజాముల కాలంలో మన నేలకు చేరిన ఒక యువతి మృతదేహము అది. వైద్య విద్యార్థిగా నేను మొదటిసారి దాని ముందు నిలబడినప్పుడు నా మనస్సులో మెదలిన ప్రశ్నలు పిరమిడ్లకు సంబంధించినవి కావు. ఈమె ఏమి తిన్నది? ఏ జబ్బులతో బాధపడినది? జ్వరము వచ్చిన నాడు ఈమె నుదుటిపై చేయి వేసి చూచినది ఎవరు?

ఆనాడు ఆ ప్రశ్నలకు సమాధానములు ఎక్కడ దొరుకుతాయో నాకు తెలియదు. ఉద్యోగ విరమణ తరువాత తీరికగా చదువుకొన్నప్పుడు అవి చాలావరకు దొరికినవి. రాజుల సమాధులలో దొరికిన వాటికంటె, పనివారి ఇళ్ళలోను, వారు పారవేసిన చెత్తగోతులలోను, వారి ఎముకలలోను దొరికినవే ఎక్కువ. ఈ వ్యాసములో ఆ విశేషాలు మీకు మనవి చేస్తాను.

కొండకు ఇవతల ఒక పల్లె

1922వ సంవత్సరము ఈజిప్టు పురావస్తు చరిత్రలో ప్రసిద్ధమైనది. ఆ ఏడాది నవంబరులో హొవార్డ్ కార్టర్ రాజుల లోయలో టుటన్‌ఖామున్ సమాధిని కనుగొన్నాడు. బంగారు ముసుగు, రథములు, సింహాసనము ప్రపంచాన్ని అబ్బురపరచినవి. అదే సంవత్సరము, ఆ లోయకు కొండ ఇవతలి వైపున, బెర్నార్ బ్రూయేర్ అనే ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞుడు దైర్ ఎల్ మదీనా అనే పాడుబడిన పల్లెలో త్రవ్వకాలకు నాయకత్వం చేపట్టాడు. పత్రికలవారు కార్టరు వెంట పడ్డారు. బ్రూయేర్ నడుమ యుద్ధకాలపు అంతరాయము తప్ప 1951 వరకు ఓపికగా అక్కడే త్రవ్వుతూ పోయాడు.

రాజుల లోయలోని సమాధులను కొండలో తొలిచి, గోడలపై రంగుల చిత్రాలు వేసిన పనివారు నివసించిన పల్లె అది. సుమారు క్రీ.పూ. 1550 నుండి 1080 వరకు, దాదాపు అయిదు వందల సంవత్సరాలు, తరతరాలుగా ఆ పనివారి కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ప్రహరీగోడ లోపల 68 ఇళ్ళు. ఒకదానినొకటి ఆనుకొని ఉన్న మట్టి ఇటుకల గోడలు. నడుమ ఇరుకైన వీధి. ఇంటి ముందు భాగములో పూజకు ఒక గది, తరువాత కూర్చుండే గది, వెనుక పొయ్యితో వంటిల్లు, క్రింద సరుకులు దాచుకొనే నేలమాళిగ. ఊరిలో బావి లేదు. నైలునది మైదానం నుండి గాడిదలపై నీరు మోసుకొని రావడానికి ప్రభుత్వమే మనుషులను నియమించినది. బట్టలు ఉతకడానికి చాకలివారిని కూడా నియమించినది.

తరువాతి కాలంలో ఎవరో నీటి కొరకు త్రవ్విన ఒక పెద్ద గొయ్యి ఆ ఊరి ప్రక్కన ఉన్నది. నీరు పడలేదు, గొయ్యి చెత్తతో నిండిపోయినది. ఆ చెత్తలో సుమారు అయిదు వేల సున్నపురాతి పెచ్చులు, కుండ పెంకులు లభించినవి. వాటి నిండా సిరాతో వ్రాసిన అక్షరాలే! పపైరస్ ఖరీదైనది కనుక నిత్యావసరపు వ్రాతలకు పనివారు రాతి పెచ్చులను వాడుకొన్నారు. అప్పు పత్రాలు, తగాదాలు, ఉత్తరాలు, బట్టల లెక్కలు, కథలు, మందుల చీటీలు అన్నీ వాటిపై ఉన్నాయి. ప్రాచీన ప్రపంచములో సామాన్యుని దినచర్య ఇంత వివరముగా తెలిసిన ఊళ్ళు బహు కొద్ది.

ఆ ఇళ్ళలో ఏమి వండుకొన్నారు?

ఈ ఊరి సమీపములోనే 1906లో ఎర్నెస్టో స్కియాపరెల్లి అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు ఖా, మెరిట్ అనే దంపతుల సమాధిని దొంగల చేయి పడకుండా యథాతథంగా కనుగొన్నాడు. ఖా సమాధి నిర్మాణ పనుల పర్యవేక్షకుడు. నేటి మాటలలో చెప్పాలంటే ఒక ఇంజనీరు. ఆ దంపతులతో పాటు ఉంచిన వందలాది వస్తువులు ఇప్పుడు ఇటలీలోని టూరిన్ ప్రదర్శనశాలలో ఉన్నాయి. మంచాలు, పీటలు, మడతపెట్టిన నారబట్టలు, మెరిట్ సవరపు జుట్టు, ఆమె అలంకరణ పెట్టె, ఖా కొలబద్ద, క్షౌరపు కత్తులు, రకరకాల ఆకారాలలో కాల్చిన రొట్టెలు వాటిలో ఉన్నాయి. మూడు వేల నాలుగు వందల సంవత్సరాల నాటి రొట్టె ఇప్పటికీ రొట్టెగానే కనబడుతుంది.

పనివారికి జీతము నాణెములలో కాదు, ధాన్యములో ముట్టేది. సాధారణ పనివానికి నెలకు నాలుగు ఖార్‌ల గోధుమలు, ఒకటిన్నర ఖార్ బార్లీ లభించేవి. ఒక ఖార్ సుమారు 76 లీటర్ల కొలత. గోధుమలు రొట్టెకు, బార్లీ బీరుకు. దీనితో పాటు చేపలు, కూరగాయలు, వంటచెరకు కూడా అందేవి. ఇది పెద్ద కుటుంబానికి కూడా సరిపోయే జీతమే. మిగిలినది ఇచ్చి బట్టలు, సామాను కొనుక్కొనేవారు.

అయితే ఆ రొట్టెలో ఒక చిక్కు ఉన్నది. తిరగలి రాతి పొడి, ఎడారి ఇసుక పిండిలో కలిసేవి. దినదినమూ ఆ రొట్టె నమిలిన పళ్ళు అరిగిపోయేవి. పైపొర పోయి, లోపలి గుజ్జు బయటపడి, చీము గడ్డలు ఏర్పడిన దవడలు మమ్మీలలో ఎన్నో కనబడినవి. రాజులకు కూడా ఈ బాధ తప్పలేదు. తీపి పదార్థాలు తక్కువ కనుక నేటి పిల్లలలో చూచే పిప్పిపళ్ళు మాత్రము వారిలో తక్కువ.

తేలు కుట్టిన వాని సెలవు

ఇక నా మనస్సును అన్నిటికంటె ఎక్కువగా ఆకట్టుకొన్న వస్తువు గురించి చెబుతాను. అది లండనులోని బ్రిటిష్ మ్యూజియములో ఉన్న ఒక సున్నపురాతి పలక. రెండవ రామ్సెస్ పాలనలో 40వ సంవత్సరము, అనగా సుమారు క్రీ.పూ. 1250 నాటిది. దానిపై దైర్ ఎల్ మదీనా పనివారు నలభై మంది పేర్లు, ఏడాదిలో 280 రోజుల కాలంలో వారు పనికి రాని తేదీలు ఉన్నాయి. తేదీలు నల్ల సిరాతో, రాకపోవడానికి కారణము ఎర్ర సిరాతో! మన ప్రాంతములో కూలిపనుల వద్ద ఉంచే మస్టరు పట్టీకి అది ముత్తాత.

కారణాలు చూడండి. జబ్బు చేసినది. కళ్ళు బాగాలేవు. తేలు కుట్టినది. బీరు కాచుకోవాలి. తల్లి శవానికి అంత్య సంస్కారాలు చేయాలి. భార్యకో కూతురికో బహిష్టు. ఇంకొకడు తోటి పనివారికి మందులు తయారుచేస్తూ పనికి రాలేదు. అదీ అంగీకరింపదగిన కారణంగానే నమోదైనది. ఆ పనివారి బృందములో వైద్యము తెలిసినవాడు, తేలు విషానికి మంత్రము వేసేవాడు ఉండేవారనీ, అందుకు వారికి అదనపు ధాన్యము లభించేదనీ ఇతర వ్రాతల వలన తెలుస్తున్నది. జబ్బు రోజుల కారణంగా పనివారికి జీతము ఆగలేదని ఈ రికార్డులను పరిశీలించిన పండితులు తేల్చారు.

కళ్ళ జబ్బు అంత తరచుగా ఎందుకు వచ్చినదో ఊహించవచ్చును. సూర్యుని వెలుగు చొరని గుహలో, నూనెదీపాల పొగలో, సున్నపురాయి దుమ్ములో వారి పని. చూపు పోయిన ఒక చిత్రకారుడు తన కుమారునికి వ్రాసిన ఉత్తరము కూడా ఒక రాతి పెచ్చుపై దొరికినది. కళ్ళకు వేసుకోవడానికి తేనె, మంచి అంజనము తెచ్చిపెట్టమని ఆ తండ్రి ప్రార్థన.

ఈ పలకను గురించి మొదట చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకము మూసి కూర్చున్నాను. ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరాలలో ఒక కాలువ పనుల వద్ద ఉన్న చిన్న ఆసుపత్రిలో నేను పనిచేశాను. ఒక మధ్యాహ్నం రాళ్ళు ఎత్తుతూ తేలు కుట్టించుకొన్న కూలీని మోసుకొని వచ్చారు. చెమటలు, వణుకు, కాలు నిలువని బాధ. నేను మందు ఇచ్చి, నాడి చూస్తూ ప్రక్కన కూర్చున్నాను. కొంత నెమ్మదించిన తరువాత అతడు అడిగిన మొదటి మాట, "అయ్యా, ఈ పూట కూలి పోతాదా?" అని. రెండు రోజులు విశ్రాంతి అవసరమని చీటీ వ్రాసి ఇచ్చాను. ఆ చీటీకి మేస్త్రీ వద్ద విలువ లేదని నాకు తెలియదు. మరునాడు ఉదయమే అతడు కుంటుతూ గంప ఎత్తుకొని కనబడ్డాడు. మూడు వేల రెండు వందల సంవత్సరాల క్రిందట ఒక గుమాస్తా ఎర్ర సిరాతో వ్రాసి పెట్టిన కారణము నా కళ్ళ ముందు, నా చేతి వ్రాతతో, చెల్లకుండా పోయినది.

వైద్యుల చేతి పుస్తకాలు

ఆ రోజులలో వైద్యులకు ఏమి తెలుసు? దీనికి రెండు పపైరస్ గ్రంథాలు ముఖ్య సాక్ష్యములు. ఎడ్విన్ స్మిత్ అనే అమెరికను 1862లో లక్సరులో కొన్న పపైరస్ సుమారు క్రీ.పూ. 1600 నాటిది. జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ దానిని 1930లో అనువదించి ప్రచురించాడు. అందులో 48 గాయాల వర్ణన ఉన్నది, తల నుండి మొదలై క్రిందికి క్రమముగా. ప్రతి గాయానికి పరీక్ష, నిర్ణయము, చికిత్స. నిర్ణయము మూడు విధాలు: నేను నయము చేయగలను, నేను దీనితో పోరాడుతాను, దీనికి చికిత్స లేదు. తనకు చేతకాని దానిని చేతకాదని వ్రాసిపెట్టిన ఆ అజ్ఞాత వైద్యునికి నేను నమస్కరిస్తాను. దవడ కీలు జారినప్పుడు బొటనవ్రేళ్ళు నోటిలో పెట్టి దానిని తిరిగి కూర్చోబెట్టే పద్ధతి అందులో ఉన్నది. నేను ఉద్యోగములో చేసిన పద్ధతికీ దానికీ భేదము స్వల్పము.

రెండవది ఎబర్స్ పపైరస్, సుమారు క్రీ.పూ. 1550 నాటిది, దాదాపు 20 మీటర్ల పొడవు. జర్మనీలోని లైప్జిగ్ విశ్వవిద్యాలయములో భద్రముగా ఉన్నది. అందులో ఎనిమిది వందలకు పైగా యోగాలు ఉన్నాయి. విరేచనానికి ఆముదము, పుండ్లకు తేనె, కడుపులో పురుగులకు దానిమ్మ వేరు మన పల్లె వైద్యము తెలిసినవారికి క్రొత్తవి కావు. రేచీకటిగా పండితులు భావించే కంటి జబ్బుకు ఎద్దు కాలేయము చెప్పారు. కాలేయములో ఎ విటమిను సమృద్ధిగా ఉంటుందని మనకు తెలిసినది ఇరవయ్యవ శతాబ్దములోనే. అదే గ్రంథములో మంత్రాలు, జంతువుల పేడతో చేసిన మందులు కూడా ఉన్నాయి. ప్రాచీనమైనదంతా మంచిదని నమ్మేవారు ఆ పుటలు కూడా చదవవలెను.

అంజనము సంగతి ఇటువంటిదే. వారి అంజనములో సీసపు లవణాలు ఉన్నాయి. అతి స్వల్ప పరిమాణములో అవి కంటి కణాలను రోగనిరోధానికి ప్రేరేపించి ఉండవచ్చునని 2010లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దానిని చదివి పసిపిల్లల కళ్ళకు అంగడి కాటుక, సుర్మా పెట్టవద్దు. సీసము పిల్లల మెదడుకు, రక్తానికి హాని చేస్తుంది.

ఎముకలు చెప్పిన మాటలు

వ్రాతలు కొన్ని దాచవచ్చును, ఎముకలు దాచవు. దైర్ ఎల్ మదీనా పురుషుల ఎముకలలో మోకాళ్ళు, చీలమండల కీళ్ళు బాగా అరిగి ఉన్నాయి. రాజుల లోయకు కొండ ఎక్కి దిగి పనికి వెళ్ళిన ఫలితమది. ఎముకకు చీము పట్టిన ఒక యువకుని దేహము లభించినది. ఆ జబ్బు లోపల తినివేస్తున్నా అతడు పనికి వెళ్ళినట్లు పరిశోధకులు గ్రహించారు. సెలవు ఉన్న ఊరిలో కూడా సెలవు తీసుకోలేని వారు ఉన్నారన్న మాట.

ఈ పల్లె కంటె వెయ్యి సంవత్సరాలకు పైగా ముందు, ఉత్తరాన గీజాలో మహా పిరమిడ్లు వెలసినవి. వాటిని కట్టినవారు కొరడా దెబ్బలు తిన్న బానిసలని సినిమాలు చూపించాయి. 1990లో అక్కడ ఒక గుర్రము కాలు మట్టిగోడకు తగిలి తడబడినది. ఆ గోడ పనివారి శ్మశానములో ఒక భాగమని తేలినది. పిరమిడ్ల నీడలోనే వారిని గౌరవముగా ఖననము చేశారు. సమీపములోనే వారి ఊరు, రొట్టెల బట్టీలు, పశువుల ఎముకల గుట్టలు బయటపడినవి. బరువుల వలన నలిగిన వెన్నుపూసలు ఆ దేహాలలో ఉన్నాయి. సరిగా కూర్చి కట్టగా చక్కగా అతికిన చేతి ఎముకలూ ఉన్నాయి. అవయవము తొలగించిన తరువాత గాయము మాని, బ్రతికినవారు కూడా ఉన్నారు. కష్టము నిజము, సంరక్షణ కూడా నిజము.

మమ్మీలలో దొరికిన పరాన్నజీవుల కథ ఇంకా దీర్ఘమైనది. 1975లో ఇంగ్లండులోని మాంచెస్టరులో 1770 అనే సంఖ్యగల మమ్మీ కట్లు విప్పి పరీక్షించారు. పదమూడు, పదునాలుగు ఏళ్ళ బాలిక. ఆమె కడుపులో సున్నము పట్టి గట్టిపడిన నారి పురుగు దొరికినది. నా తరము వైద్యులకు నారికురుపు పుస్తకాలలోని జబ్బు కాదు. దిగుడుబావులలో కాళ్ళు పెట్టి నీరు ముంచుకొన్న పల్లెలలో, కాలి పుండు నుండి బయటకు వచ్చిన పురుగును చిన్న పుల్లకు చుట్టి రోజుకు కొంచెముగా లాగడము మేము చూచినదే. మందు లేకుండా, టీకా లేకుండా, నీరు వడగట్టుకోవడము, బావులను మార్చడము ద్వారానే మన దేశము ఆ జబ్బును తరిమినది. 1996లో చివరి కేసు. 2000లో భారతదేశానికి విముక్తి ప్రకటన.

బిల్హార్జియా కథ అంత సుఖాంతము కాదు. మూత్రములో రక్తము పడే ఈ జబ్బు కారకమైన పురుగును థియోడర్ బిల్హార్జ్ 1851లో కైరోలో కనుగొన్నాడు. 1910లో మార్క్ అర్మాండ్ రఫర్ మూడు వేల ఏళ్ళ నాటి రెండు మమ్మీల మూత్రపిండాలలో దాని గ్రుడ్లను చూపించాడు. నైలు కాలువలలోని నత్తలలో పెరిగి, నీటిలో దిగిన మనిషి చర్మము గుండా లోపలికి చొచ్చే పురుగు అది. పొలానికి ప్రాణము పోసిన నీరే రైతుకు జబ్బు తెచ్చినది. ఆధునిక ఈజిప్టు ప్రభుత్వము 1950ల నుండి 1980ల వరకు దీనికి సామూహికముగా సూదిమందులు వేయించినది. సరిగా శుద్ధి చేయని సూదుల వలన హెపటైటిస్ సి లక్షలాది ప్రజలకు ప్రాకినది. గాజు సిరంజీలను స్టవ్వు మీద మరిగించి వాడిన తరము మాది. జనము బారులు తీరిన రోజున ఆ మరిగింపు ఎన్ని నిమిషాలు సాగినదో ఎవరు లెక్కించారు? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వెంటాడుతుంది. ఈజిప్టు తరువాత దేశమంతటా రక్త పరీక్షలు, ఉచిత చికిత్స జరిపి, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశంస పొందినది.

రక్తనాళాలలో కొవ్వు పేరుకొనే జబ్బు నేటి నాగరికత వలననే వచ్చినదని మనము అనుకొంటాము. 2013లో నాలుగు ప్రాంతాలకు చెందిన 137 మమ్మీలను సి.టి. స్కానింగు చేయగా 47 దేహాలలో, అనగా 34 శాతములో, ఆ జబ్బు గుర్తులు కనబడినవి. ఈజిప్టు మమ్మీలు అందులో అధికము. పొగ, అంటువ్యాధుల వలన కలిగే తాపము, వంశ లక్షణము దీనికి కారణాలు కావచ్చునని పరిశోధకుల ఊహ. వీరు బజ్జీలు తినలేదు, కుర్చీలలో రోజంతా కూర్చోలేదు. అటువంటి వారికే ఆ జబ్బు వచ్చినప్పుడు, రెండూ చేసే మనము ఎంత జాగ్రత్తగా ఉండవలెనో ఆలోచించండి.

ధాన్యము రాని నెల

దైర్ ఎల్ మదీనా కథకు చివరి ఘట్టము చెప్పి ముగిస్తాను. మూడవ రామ్సెస్ పాలనలో 29వ సంవత్సరము, సుమారు క్రీ.పూ. 1157. రాజ్యము బలహీనపడినది. నెలలో పద్దెనిమిది రోజులు గడచినా ధాన్యము రాలేదు. పనివారు పనిముట్లు వదిలి, కాపలా గోడలు దాటి, రాజుల స్మారక ఆలయాల వద్దకు వెళ్ళి కూర్చున్నారు. తమకు ఆకలి, దప్పిక. బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు అని అధికారులకు విన్నవించారు. టూరినులో ఉన్న ఒక పపైరస్‌లో ఇదంతా నమోదైనది. చరిత్రకు తెలిసిన మొట్టమొదటి సమ్మె ఇదే. చివరకు ధాన్యము వచ్చినది, మరల ఆలస్యమైనది, మరల కూర్చున్నారు.

రాజ సమాధులను నిర్మించే నిపుణులు కనుక వీరికి ఈ సౌకర్యాలు కలిగినవి. నైలు మైదానములో భూమి దున్నిన అసంఖ్యాక రైతులకు మస్టరూ లేదు, వైద్యుడూ లేడు. ఆ సత్యము మరచి ప్రాచీన ఈజిప్టును స్వర్గముగా భావించరాదు.

ఈ త్రవ్వకాల నుండి మనము గ్రహించవలసినవి కొన్ని ఉన్నాయి. త్రాగే నీరు, దిగే నీరు రెండూ శుభ్రముగా ఉండవలెను. సూది వేయించుకొనేటప్పుడు క్రొత్త సిరంజీ కవరు మీ కళ్ళ ముందే విప్పమని అడగండి. ఏ వైద్యుడూ అందుకు నొచ్చుకోకూడదు. నలభై దాటినవారు రక్తపోటు, చక్కెర, కొలెస్టరాలు పరీక్ష చేయించుకోండి. తేలు కుట్టినవారిని, ముఖ్యముగా పిల్లలను, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి.

చివరిగా ఒక మనవి. మీ ఇంటిలో పనిచేసే మనిషి, మీ పొలములో కూలీ, మీ దుకాణములో కుర్రవాడు ఒంట్లో బాగాలేదని చెప్పిన నాడు, ఆ నలభై పేర్ల రాతి పలకను ఒకసారి తలచుకోండి. కారణము వ్రాసుకోండి, కూలి మాత్రము కోయకండి.